డా నాంగ్‌లో ఒక అమరావతి

మేం వియత్నాం వెళ్తున్నామని చెప్పగానే బందరులో మా పెదనాన్న అడిగిన మొదటి మాట, "అక్కడ యుద్ధం పూర్తిగా ఆగిపోయిందా అమ్మా?" అని. ఆగి యాభై ఏళ్ళు కావస్తోందని చెప్పాను. ఆరు నెలలు తిరక్కుండానే ఆయనే ఫోన్ చేశారు. ఎవరో వాట్సాప్‌లో వీడియో పంపారట. "అదంతా ఒకప్పుడు మన రాజ్యమేనటగా! ఆ శివాలయాలు కట్టింది మనవాళ్ళేనట. మీరు పరాయి దేశం వెళ్ళలేదమ్మా, మన పాత ఇంటికే వెళ్ళారు" అన్నారు.

దూరాన ఉన్నవాళ్ళకు అలాంటి మాట ఎంత ధైర్యమిస్తుందో చెప్పలేను. కానీ అందులో నిజమెంతో తెలుసుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఫోన్లో తెమిలే సంగతి కాదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

2023 వేసవిలో, పెళ్ళయి ఏడాది నిండకముందే, మా ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మీద డా నాంగ్ వచ్చాం. విజయవాడలో నా టీచరు ఉద్యోగం వదిలేశాను. మీ ఖే బీచ్‌కి రెండు వీధుల వెనక మేడ మీద వాటా మాది. కింద ఇంటావిడ, ఆవిడ కూతురు ఉంటారు. మొదటి వారం నిద్ర పట్టక తెల్లవారుజామునే బీచ్‌కి వెళ్ళేవాళ్ళం. అక్కడ ఇసుకలో గుండ్రటి వెదురు పడవలు బోర్లించి ఉండేవి. వాళ్ళు వాటిని థుంగ్ అంటారు, అంటే బుట్ట. చూడగానే నాకు కృష్ణలో పుట్టి గుర్తొచ్చింది. వెదురు బద్దలతో అల్లి, నీళ్ళు కారకుండా చెట్టు జిగురు పట్టిస్తారు. అందులో నిలబడి ఒక్క తెడ్డును ముందు అటూ ఇటూ తిప్పుతూ అలలను దాటేస్తారు. వాళ్ళు తెచ్చిన బుట్టల్లో నెత్తళ్ళు! బందరులో ఎండబెడతాం, ఇక్కడ ఊరబెడతారు. ఊరికి ఉత్తరాన నామ్ ఓ అనే పల్లెలో నెత్తళ్ళను ఉప్పులో నెలల తరబడి మాగబెట్టి తీసే ఎర్రటి రసం లేకుండా ఈ ఊళ్ళో వంట సాగదు.

ఇంటావిడ నన్ను అడిగిన మొదటి ప్రశ్న నా వయసు. తర్వాత తెలిసింది, అది తెలియకుండా వియత్నాం భాషలో సరిగ్గా ఒక్క వాక్యం కూడా మాట్లాడలేరని. 'నేను, నువ్వు' అనడానికి వాళ్ళు ఎక్కువగా వరసలే వాడతారు. నాన్నకు అన్న అయితే బాక్, తమ్ముడైతే చూ, మేనత్త అయితే కో. పెదనాన్న వేరు, బాబాయి వేరు అని పుట్టుకతో తెలిసిన మనకు ఇది వింతేం కాదు. ఇంగ్లీషు వాళ్ళు ఏళ్ళ తరబడి తడబడే చోట నేను నెలలో కుదురుకున్నాను. ఆవిడ మా నాన్నకంటే పెద్దది. అందుకని నేను ఆవిడను బాక్ అంటాను, ఆవిడ నన్ను కోన్ అంటుంది. కోన్ అంటే బిడ్డ.

ఇక పెదనాన్న మాట. ఈ ఊరి నడిబొడ్డున హాన్ నది ఒడ్డున చామ్ శిల్పాల మ్యూజియం ఉంది. ఫ్రెంచివారి హయాంలో, 1919లో తెరిచారు. లోపలికి అడుగుపెట్టగానే నాకు కాళ్ళు ఆడలేదు. నిలబడ్డ వినాయకుడు, పడుకున్న విష్ణుమూర్తి, ఆయన బొడ్డు తామరలో బ్రహ్మ, ఏడో శతాబ్దపు పీఠం మీద తపస్సు చేసుకునే మునులు. ట్రా కియూ నుంచి తెచ్చిన మరో పీఠం చుట్టూ ఒక కథ చెక్కారు. అందులో విల్లు విరుస్తున్నాడు ఒకడు. సీత కోసం శివధనుస్సు విరిచిన రాముడని కొందరు పండితులంటే, మథురలో కంసుడి విల్లు విరిచిన కృష్ణుడని మరికొందరన్నారు. మేమిద్దరం అక్కడే నిలబడి అరగంట వాదించుకున్నాం. నాది రాముడి పక్షం.

మధ్య వియత్నాం తీరమంతా వెయ్యేళ్ళకు పైగా చామ్ ప్రజల చంపా రాజ్యం. ఒకటే రాజ్యం అనడం కంటే తీరం పొడవునా కొన్ని రాజ్యాల వరస అనడం సబబు. వాటి పేర్లు వింటే తెలుగు చెవి నిక్కబొడుచుకుంటుంది. ఇంద్రపురం, విజయ, కౌఠారం, పాండురంగ. డా నాంగ్, క్వాంగ్ నామ్ ప్రాంతానికి పేరు అమరావతి! దాని రాజధాని, అంటే నేటి ట్రా కియూ, సింహపురం. గుంటూరు అమరావతి, నెల్లూరు సింహపురి తెలిసిన మనిషికి ఇది వింటే గుండె ఝల్లుమనకుండా ఎలా ఉంటుంది? నాలుగో శతాబ్దం చివర భద్రవర్మ అనే రాజు ఇక్కడి కొండల నడుమ మీ సోన్ లోయలో శివాలయం కట్టి, తన పేరు కలిపి స్వామిని భద్రేశ్వరుడన్నాడు. తగలబడిపోయిన ఆ గుడిని తర్వాత శంభువర్మ మళ్ళీ కట్టించి శంభుభద్రేశ్వరుణ్ణి చేశాడు. దాదాపు వెయ్యేళ్ళు ఆ లోయలో గుడులు కడుతూనే ఉన్నారు. దాదాపు అన్నీ ఇటుక గుడులే. ఇటుకల మధ్య సున్నం గీత కనిపించదు.

మరి ఇవన్నీ ఎవరు కట్టారు? మనవాళ్ళు ఓడలెక్కి వచ్చి ఏలారనే మాట వాట్సాప్‌లో పుట్టింది కాదు. ఆర్.సి. మజుందార్ 1927లో చంపా మీద రాసిన పుస్తకం పేరులోనే 'ప్రాచీన భారతీయ వలస రాజ్యాలు' అన్న మాట ఉంది. తెల్లవాళ్ళ పాలనలో తలదించుకుని బతికిన తరానికి మాకూ ఒకప్పుడు సామ్రాజ్యం ఉండేదని చెప్పుకోవాలనిపించడం నాకు అర్థమవుతుంది. కానీ మన రాజులెవరో సైన్యంతో వచ్చి ఇక్కడ జెండా పాతారనడానికి ఆధారం లేదు. చరిత్రకారులు ఆ వాదాన్ని ఎప్పుడో వదిలేశారు. వచ్చింది సరుకు, సరుకుతో పాటు అక్షరం, మంత్రం. బందరు పక్కనే ఉన్న మా ఘంటసాలను రెండో శతాబ్దంలో టాలెమీ కొంటకొస్సిల అని రాశాడు. దానికి కొంచెం ఉత్తరాన, తూర్పు దేశాలకు ఓడలు తీరం వదిలే రేవు ఉందనీ రాశాడు. అలా సముద్రం మీదుగా వెళ్ళిన దారుల్లోనే చామ్ వాళ్ళ రేవులు. వాళ్ళు శివుణ్ణి తీసుకున్నారు, సంస్కృతం నేర్చుకున్నారు. తమ దొరలకు వర్మ అని పేరు పెట్టుకున్నారు.

భాష మాత్రం తమదే ఉంచుకున్నారు. ట్రా కియూ దగ్గర డోంగ్ యెన్ చౌలో దొరికిన శాసనం చామ్ భాషలోది. రాజుగారి నాగుణ్ణి గౌరవించినవాడికి మేలు, అవమానించినవాడికి వెయ్యేళ్ళ నరకం అని దాని భావం. నాలుగో శతాబ్దానిదని పండితుల అంచనా. మనకు తొలి తెలుగు శాసనంగా చెప్పుకునే కడప జిల్లా కలమళ్ళ శాసనం 575 ప్రాంతానిది. అంటే సొంత భాషను రాతికెక్కించడంలో చామ్ వాళ్ళు మనకంటే రెండు వందల ఏళ్ళు ముందున్నారు. ఇది తెలిసిన రోజున పెదనాన్న మాట నాలో కదిలిపోయింది. ఇంత సొంత గొంతు ఉన్న జనాన్ని పట్టుకుని 'మనవాళ్ళు' అనేస్తే వాళ్ళను లేకుండా చేసినట్టే.

వాళ్ళను లేకుండా చేయడానికి చరిత్ర ఎలాగూ చాలా ప్రయత్నించింది. ఉత్తరాన ఎర్రనది లోయలో ఉండే వియత్ ప్రజలు మెల్లగా దక్షిణానికి జరుగుతూ వచ్చారు. 1306లో వాళ్ళ యువరాణి హుయెన్ చాన్‌ను చంపా రాజు జయసింహవర్మకు ఇచ్చి పెళ్ళి చేశారు. కన్యాశుల్కంగా రాజు రెండు పరగణాలు రాసిచ్చాడు. నేటి హ్యూ నగరం ఆ నేల మీదే ఉంది. మరుసటి ఏడే రాజు చనిపోయాడు. సహగమనం చేయిస్తారేమోనన్న భయంతో పుట్టింటివాళ్ళు ఆమెను సముద్రం మీదుగా వెనక్కి తీసుకుపోయారు. మనిషి వెనక్కి వెళ్ళింది, నేల వెళ్ళలేదు. ఆ పిల్ల కథ ఇక్కడి వాళ్ళందరికీ తెలుసు, ఆమె పేరు మీద వీధులున్నాయి. ఊరికి ఉత్తరాన హాయ్ వాన్ కనుమ దాటినప్పుడల్లా, భర్త వెంట కొత్త దేశానికి వచ్చిన ఆమె నాకు గుర్తొస్తుంది. 1471లో లె థాన్ తోంగ్ చక్రవర్తి విజయ నగరాన్ని పట్టుకోవడంతో చంపా నడుం విరిగింది. దక్షిణాన పాండురంగ ఒక్కటే 1832 దాకా కొనఊపిరితో ఉండి, అదీ కలిసిపోయింది.

తర్వాతి కథ మీరు విన్నదే కాబట్టి తొందరగా చెబుతాను. 1858 సెప్టెంబర్ 1న ఫ్రెంచి, స్పానిష్ ఓడలు మొదట ఫిరంగులు పేల్చింది ఈ రేవు మీదే. న్గుయెన్ చి ఫువోంగ్ అనే సేనాపతి వాళ్ళను ఊళ్ళోకి రానివ్వలేదు. కొంత ఆయన పట్టుదల, కొంత కలరా. 1860లో వదిలి వెళ్ళారు. వాళ్ళ సైనికుల సమాధులు సోన్ ట్రా కొండ కింద ఇప్పటికీ ఉన్నాయి. సైగాన్ దారిన దేశాన్ని తీసుకుని, 1888లో ఈ ఊరికి తురాన్ అని పేరు పెట్టి సొంతం చేసుకున్నారు. అప్పుడు యానాం మీద ఎగురుతున్నదీ ఆ జెండాయే. 1965 మార్చి 8న మూడున్నర వేల మంది అమెరికా మెరైన్లు ఇక్కడి తీరంలో దిగితే, తెల్లటి ఆవ్ యాయ్ అనే పొడుగాటి దుస్తులు తొడుక్కున్న అమ్మాయిలు మెడలో దండలు వేశారు. 1975 మార్చి 29న ఊరు చేతులు మారింది. నడుమ ఆ పదేళ్ళలో ఏం జరిగిందో చెప్పడానికి రెండు సంగతులు చాలు. 1969 ఆగస్టులో మీ సోన్ మీద బాంబులు పడి, అన్నిటికంటే గొప్ప గుడి కుప్పకూలింది. ఆకులు రాల్చే విషం నిల్వ చేసిన విమానాశ్రయపు మట్టిని శుద్ధి చేయడం 2012లో మొదలై 2018లో గానీ పూర్తి కాలేదు. మీరు వచ్చి దిగేది ఆ విమానాశ్రయంలోనే.

మీ సోన్ శిథిలాల దగ్గరికి ముందుగా సాయానికి వచ్చినవాళ్ళలో పోలండ్ వాస్తుశిల్పి కజిమియెజ్ క్వియాత్‌కోవ్‌స్కీ ఒకరు. ఆయన 1997లో ఈ దేశంలోనే చనిపోయారు. మన పురావస్తు శాఖ 2017 నుంచి కొన్ని ఆలయాలను బాగుచేసింది. 2020లో ఆ పనుల్లోనే ఏకశిలా శివలింగం బయటపడింది. తొమ్మిదో శతాబ్దానిది. భారతీయురాలిగా నేను గర్వపడే సంగతి ఇదీ. ఇది ఏలడం కాదు, సాయం పట్టడం.

మేం వచ్చాక తొలి వసంతంలో, వాళ్ళ రెండో చాంద్రమాసంలో, ఇంటావిడ వాకిట్లో బల్ల వేసింది. పళ్ళు, అన్నం, మాంసం అన్నీ పెట్టాక చివర్లో ఒక పళ్ళెంలో ఉడికించిన చిలగడదుంప ఆకులు, గిన్నెలో ముతకగా మాగిన చేపల పచ్చడి తెచ్చి పక్కన పెట్టింది. అగరొత్తులు వెలిగించి చాలాసేపు గొణుక్కుంది. తన పూర్వీకులకేమో అనుకున్నాను. కాదని కూతురు ఇంగ్లీషులో చెప్పింది. ఇది నేలకు పూజ. ఆ ఆకులు, ఆ పచ్చడి ఈ నేలకు ముందున్న చామ్ వాళ్ళకు. "వాళ్ళ నేల మీద ఉంటున్నాం. ఏడాదికొకసారైనా అడగాలి కదా అంటోంది అమ్మ" అంది. ఆవిడ ముత్తాతల ముత్తాతలు వచ్చి స్థిరపడిన ఊరు ఇది. అయినా అడుగుతోంది.

పెదనాన్నా, మనవాళ్ళెవరూ ఇక్కడ ఇల్లు కట్టలేదు. మన తీరం నుంచి బయల్దేరినదేదో ఇక్కడిదాకా వచ్చింది, వాళ్ళు దాన్ని తమదిగా చేసుకున్నారు. ఆ వాళ్ళు ఇంకా ఉన్నారు. 2019 జనాభా లెక్కల్లో వియత్నాంలో చామ్ ప్రజలు సుమారు 1,79,000 మంది. చాలామంది ఇక్కడికి దక్షిణాన పాత పాండురంగ నేలలో ఉంటారు. వాళ్ళలో శివుణ్ణి కొలిచేవాళ్ళున్నారు, ముస్లిములున్నారు. శివుణ్ణి కొలిచేవాళ్ళు ఏటా శరదృతువులో కాతె పండుగకు గుడుల దగ్గర పోగవుతారు.

బా నా కొండల మీద రాతివిలా కనిపించే చేతులు మోసే వంతెన చూడటానికి ఇప్పుడు మన ఊళ్ళ నుంచి ఎందరో డా నాంగ్ వస్తున్నారు. తప్పకుండా చూడండి. తిరిగి వెళ్ళేలోపు ఒక్క పూట చామ్ మ్యూజియానికి ఇవ్వండి. డ్రాగన్ వంతెన పడమటి కొసన, సెప్టెంబర్ 2 వీధిలో మొదట్లోనే ఉంటుంది. లోపల పిల్లలకు వినాయకుణ్ణి చూపించేటప్పుడు, దీన్ని చెక్కింది చామ్ వాళ్ళని చెప్పండి.