టస్కీగీ విద్యాలయము: ఇటుకలు చెప్పు చరిత్ర

అక్షరము నేర్పుట నేరముగా నెంచబడిన కాలమొకటి ఉండెనని చెప్పినచో నేటి పిల్లలు నమ్మకపోవచ్చును. అమెరికా సంయుక్త రాష్ట్రములలో దక్షిణమున నున్న అలబామా రాష్ట్రము 1832లో ఒక శాసనము చేసెను. నల్లజాతి మనుష్యునకు, అతడు బానిసయైనను స్వతంత్రుడైనను, చదువుటగాని వ్రాయుటగాని నేర్ప యత్నించిన వారికి 250 డాలర్లకు తక్కువ గాకుండ 500 డాలర్ల వరకు జరిమానా విధింపవలెనని ఆ శాసనము పలికెను. అది వెలువడి ఏబది యేండ్లు నిండకముందే, 1881 జులై 4వ తేదీన, అదే రాష్ట్రమున, టస్కీగీ అను చిన్న పట్టణమున నల్లజాతివారి కొఱకు ఒక ఉపాధ్యాయ శిక్షణ పాఠశాల తెఱవబడెను. అదియే నేటి టస్కీగీ విశ్వవిద్యాలయము.

గ్రామ గ్రంథాలయపు రజతోత్సవ సంచికలో ఇంత దూరదేశపు కథ యేల యని చదువరులు అడుగవచ్చును. విద్యాలయమునకు గాని గ్రంథాలయమునకు గాని పునాది వేయువారెవరు? పేరు మిగుల్చుకొనువారెవరు? ఈ ప్రశ్న అన్ని దేశములకు సమానమే. టస్కీగీ ఆవరణమందలి కట్టడములు, విగ్రహము, సమాధులు దీనికి తమవైన సమాధానము చెప్పుచున్నవి.

1865లో బానిసత్వము రద్దయ్యెను. టస్కీగీలో లూయిస్ ఆడమ్స్ అను నల్లజాతి పనివాడుండెను. బానిసగా పుట్టి, రేకుపని, చెప్పులు కుట్టుట, జీనుల తయారీ నేర్చి, చదువను వ్రాయను గూడ అలవరచుకొన్నవాడు. 1880 ఎన్నికలలో ఒక తెల్లజాతి అభ్యర్థి నల్లజాతివారి ఓట్లకై ఆయనను ఆశ్రయింపగా, ఆడమ్స్ తనకై ఏమియు కోరక తన వారికొక బడి కావలెనని అడిగెనని చెప్పుదురు. తరువాత రాష్ట్ర శాసనసభ ఉపాధ్యాయుల జీతములకై ఏటికి 2,000 డాలర్లు మంజూరు చేసెను. అయితే భూమికి గాని భవనమునకు గాని అందులో ఒక్క డాలరైనను లేదు.

ప్రధానోపాధ్యాయుడుగా వచ్చినవాడు బుకర్ టి. వాషింగ్టన్. ఆయన 1856లో వర్జీనియాలో బానిసగా జన్మించెను. ఉప్పుకొలుముల యొద్ద పనిచేసి, హాంప్టన్ విద్యాలయమున చదివెను. టస్కీగీ చేరునాటికి ఆయన వయస్సు 25 ఏండ్లు. చర్చి ప్రక్కనున్న పాడుబడిన పాకలో 30 మంది విద్యార్థులతో బడి ఆరంభమయ్యెను. వానకు పైకప్పు కారుచుండగా ఒక విద్యార్థి గొడుగు పట్టి నిలువవలసివచ్చెననియు, తాను ఆ గొడుగు క్రిందనే పాఠము వినుచుంటిననియు ఆయన తన ఆత్మకథలో వ్రాసెను.

పిమ్మట 500 డాలర్లకు నూఱు ఎకరముల పాత తోట ఒకటి బేరమునకు వచ్చెను. ఒకనాడు బానిసలు శ్రమించిన నేల అది. యజమాని నివసించిన ఇల్లు అప్పటికే కాలిపోయెను. మిగిలినవి వంటయిల్లు, గుఱ్ఱపుసాల, కోళ్ళగూడు మొదలైనవి. హాంప్టన్ విద్యాలయపు కోశాధికారి యొద్ద 250 డాలర్లు అప్పు తెచ్చి మొదటి వాయిదా చెల్లించిరి. గుఱ్ఱపుసాలను, కోళ్ళగూటిని కడిగి తరగతి గదులుగా మార్చిరి. ఒలీవియా డేవిడ్‌సన్ అను ఉపాధ్యాయిని ఇంటింటికి తిరిగి విరాళములు సేకరించెను.

భవనములకు ఇటుకలు కావలసివచ్చెను. ఆ పట్టణమున ఇటుక బట్టీ లేదు. విద్యార్థులు మోకాటిలోతు బురదలో దిగి మన్ను తొక్కిరి. మొదటి బట్టీ సరిగా కాలలేదు. రెండవది చెడెను. మూడవదియు కూలెను. చేతిలో పైకము లేక వాషింగ్టన్ తన గడియారమును 15 డాలర్లకు కుదువపెట్టి నాల్గవసారి ప్రయత్నించెను. ఈ మారు ఇటుకలు చక్కగా కాలెను. ఆ గడియారమును ఆయన మరల విడిపించుకొనలేకపోయెను. శతాబ్దాంతము నాటికి ఒక్క ఋతువులో పండ్రెండు లక్షల ఇటుకలు అచ్చట తయారగుచుండెను.

గ్రంథాలయ ప్రియులు ముఖ్యముగా గుర్తింపవలసిన కట్టడమొకటి ఆవరణమున కలదు. 1900 డిసెంబరులో వాషింగ్టన్ గ్రంథాలయ భవనమునకై 20,000 డాలర్లు కోరుచు ఆండ్రూ కార్నెగీకి లేఖ వ్రాసెను. ఇటుకలు చేయుట, గోడలు కట్టుట, వడ్రంగము, కమ్మరము విద్యార్థులే చేయుదురనియు తెలిపెను. కార్నెగీ ఆ ధనమిచ్చెను. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున పట్టము పొందిన తొలి నల్లజాతి విద్యార్థి రాబర్ట్ టేలర్ నమూనా గీసెను. 1901లో భవనము సిద్ధమయ్యెను. పుస్తకము ముట్టుట నేరమైనవారి సంతతి తమ చేతులతో పుస్తకములకు గూడు కట్టిరి.

వాషింగ్టన్ 1915లో మరణించెను. నల్లజాతివారు పంపిన చందాలతో 1922లో ఆవరణమధ్యమున ఆయన విగ్రహము నెలకొల్పబడెను. శిల్పి చార్లెస్ కెక్. వాషింగ్టన్ నిలుచుండి ఒక నల్లజాతి పురుషుని తలపైనున్న తెరను ఎత్తుచున్నట్లు శిల్పము కలదు. ఆ పురుషుడు నాగలి మీద, దాగలి మీద కూర్చున్నాడు. అతని యొద్ద తెఱచిన పుస్తకము కలదు. అజ్ఞానపు తెర తొలగించి, విద్య, పరిశ్రమ అను త్రోవ చూపెనని పీఠముపై వ్రాసిరి.

అయితే ఆ త్రోవ విషయమున అందఱును ఏకీభవింపలేదు. 1895లో అట్లాంటా నగరమున చేసిన ప్రసంగమున వాషింగ్టన్ వృత్తివిద్యకు ప్రాధాన్యమిచ్చి, రాజకీయ హక్కులకై తొందరపడవద్దని సూచించెను. ఓటు హక్కు, ఉన్నతవిద్య లేనిదే జాతి తలయెత్తదని 1903లో డబ్ల్యు. ఇ. బి. డుబాయ్స్ ఖండించెను. టస్కీగీలో చదివిన రాల్ఫ్ ఎలిసన్ 1952లో ప్రకటించిన నవలలో, ఇటువంటి విగ్రహమునే చూచిన యువకునకు ఆ తెర లేచుచున్నదో దిగుచున్నదో తోచదు. విగ్రహమునకు నమస్కరించుటయే గాక దానిని ప్రశ్నించుటయు చదువు యొక్క ఫలమే.

ఆవరణమందలి శ్మశానవాటికలో వాషింగ్టన్ సమాధి చెంతనే జార్జి వాషింగ్టన్ కార్వర్ సమాధి కలదు. 1896లో అచ్చటికి వచ్చిన ఆయన, ప్రత్తి పంటతో సారము కోల్పోయిన నేలకు వేరుసెనగ, చిలగడదుంపలు వేసి బాగుచేయుడని పేద రైతులకు బోధించి, 1943లో కన్నుమూసెను. ధనము సంపాదింపగలిగియు దానిని కోరక, లోకమునకు ఉపకరించుటలోనే సంతోషము పొందెనని ఆయన సమాధిపై వ్రాసిరి. మన దేశముతో ఈ విద్యాలయమునకు చిన్న బంధము కలదు. 1903లో దక్షిణాఫ్రికాలో నున్న గాంధీగారు ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రికలో వాషింగ్టన్ జీవితమును ప్రశంసించుచు వ్రాసిరి.

ఒక విషాదమును దాచరాదు. 1932 మొదలు 1972 వరకు ప్రభుత్వ ఆరోగ్యశాఖ అదే ప్రాంతపు పేద నల్లజాతి పురుషులపై సవాయి రోగ పరిశీలన జరిపెను. పెన్సిలిన్ లభించిన తరువాతను వారికి ఆ మందు ఈయలేదు. 1997లో అమెరికా అధ్యక్షుడు క్షమాపణ చెప్పెను. స్మారక చిహ్నములు గర్వింపదగినవానికే గాక సిగ్గుపడదగినవానికిని ఉండవలెను.

1965లో ఈ ఆవరణమునకు జాతీయ చారిత్రక స్థలమను గుర్తింపు లభించెను. 1974లో కొంత భాగము జాతీయ ఉద్యానవన శాఖ సంరక్షణలోనికి వచ్చెను. యాత్రికులు ముందుగా విగ్రహము చూతురు. కాని తెర ఎత్తినది ఒక్క చేయి కాదు. లూయిస్ ఆడమ్స్ అడిగిన బడి, గొడుగు పట్టిన విద్యార్థి, మూడు బట్టీలు చెడినను మరల మన్ను తొక్కిన యువకులు, ఇంటింటికి తిరిగిన ఉపాధ్యాయిని, వీరందఱి శ్రమయు ఆ గోడలలో నున్నది. గ్రంథాలయ భవనపు ప్రతి ఇటుకయు పేరు చెక్కని శిలాశాసనమే.