ముగింపును మళ్లీ కూర్చడం : 'బాహుబలి' ఏకచిత్ర రూపంలో కథాగమనం, పాత్రపోషణ

కథను ఎక్కడ ముగించాలన్నది తెలుగు సాహిత్యంలో పాత ప్రశ్నే. పదమూడో శతాబ్దిలో తిక్కన నిర్వచనోత్తర రామాయణాన్ని రచించి నెల్లూరు ప్రభువు మనుమసిద్ధికి అంకితమిచ్చాడు. అందులో రామనిర్యాణ ఘట్టాన్ని చెప్పకుండా విడిచిపెట్టాడు. తరువాతి కాలంలో జయంతి రామభట్టు ఆ భాగాన్ని చేర్చాడు. తిక్కన ఎక్కడ ఆగాడో, రామభట్టు ఏమి చేర్చాడో రెండూ తెలుస్తున్నందువల్లనే ఆ కావ్యాంతాన్ని గురించిన చర్చ సాధ్యమవుతున్నది.

చలనచిత్రరంగంలోనూ ఉత్తరకాండ ఇలాగే పునఃకథనానికి పాత్రమైంది. సి. పుల్లయ్య 1934లో 'లవకుశ' తీశారు. అదే కథను మళ్లీ ఆయనే రంగుల్లో ప్రారంభించగా, కుమారుడు సి.ఎస్. రావు పూర్తిచేశారు. ఆ చిత్రం 1963లో విడుదలైంది. అయితే ఇది కథను తిరిగి చిత్రించడం. ఇదివరకే ప్రదర్శితమైన చిత్రాన్ని దాని దర్శకుడే తిరిగి కూర్చడం ఇంతకన్నా భిన్నమైన ప్రక్రియ. తెలుగులో ఇందుకు ప్రముఖ ఉదాహరణ ఎస్.ఎస్. రాజమౌళి 'బాహుబలి: ది ఎపిక్'. ఈ కూర్పు వల్ల కథాగమనం, పాత్రల ఎదుగుదల ఏ విధంగా మారాయో పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం.

కూర్పు స్వరూపం

'బాహుబలి: ది బిగినింగ్' 2015 జులై 10న, 'బాహుబలి 2: ది కన్‌క్లూజన్' 2017 ఏప్రిల్ 28న విడుదలయ్యాయి. రెండింటికీ కథ వి. విజయేంద్రప్రసాద్‌ది, కూర్పు కోటగిరి వెంకటేశ్వరరావుది. రెండింటి నిడివి కలిపి సుమారు అయిదున్నర గంటలు. 2025 అక్టోబరు 31న వెలువడిన ఏకచిత్రం దాదాపు మూడు గంటల నలభై అయిదు నిమిషాలకు కుదిరింది. శివుడు, అవంతికల ప్రణయభాగం, కొన్ని పాటలు, యుద్ధ ఘట్టాలలో కొన్ని అంశాలు ఇందుకోసం తొలగాయి.

రెండు భాగాలను ఒకటిగా కుదించడం పూర్తిగా కొత్త కాదు. రామ్‌గోపాల్ వర్మ 'రక్తచరిత్ర' 2010లో తెలుగులో రెండు భాగాలుగా రాగా, తమిళ రూపంలో మొదటి భాగాన్ని సంక్షిప్తం చేసి రెండోదానితో కలిపారు. అక్కడి అవసరం వేరొక భాషా ప్రేక్షకులకు పూర్వకథను తెలియజేయడం. 'బాహుబలి' విషయంలో ప్రేక్షకులకు కథ ముందే తెలుసు. కనుక ఇక్కడ మారేది సమాచారం కాదు, సన్నివేశాల మధ్య సంబంధం.

గమనంలో వచ్చిన మార్పు

మొదటి భాగం కట్టప్ప అమరేంద్ర బాహుబలిని పొడిచే దృశ్యంతో ఆగింది. దానికి కారణం తెలియడానికి ప్రేక్షకుడు 21 నెలలకు పైగా ఎదురుచూడవలసివచ్చింది. ఆ నిరీక్షణలో ఆ ప్రశ్న కథను దాటి జనుల నోట సామెతలా నిలిచింది. ఏకచిత్రంలో ప్రశ్నకూ సమాధానానికీ మధ్య ఉన్న ఆ ఎడం తొలగింది. ఫలితంగా కట్టప్ప చర్య రహస్యంగా కాక, సింహాసనానికి కట్టుబడిన బానిస ధర్మసంకటంగా కనిపిస్తుంది. 'ఎందుకు చంపాడు' అన్న కుతూహలం తగ్గి, 'చంపక తప్పని స్థితికి ఎలా వచ్చాడు' అన్న ఆలోచన బలపడుతుంది.

పాత్రల లాభనష్టాలు

ఈ కూర్పువల్ల ఎక్కువగా లాభపడిన పాత్ర శివగామి. గాయపడిన దేహంతో నదిలో మునిగిపోతూ పసివాణ్ణి చేత్తో పైకెత్తిన ఆమె రూపంతో కథ మొదలవుతుంది. కథాకాలాన్ని బట్టి అది ఆమె చివరి చర్య. బాహుబలి వధకు ఆజ్ఞాపించి, తన పొరపాటు తెలిసిన తరువాత చేసిన ప్రాయశ్చిత్తం. రెండు చిత్రాలుగా చూసినప్పుడు త్యాగం ఒక సంవత్సరంలోను, దోషం మరొక సంవత్సరంలోను కనబడ్డాయి. ఒకే ప్రదర్శనలో తొలి దృశ్యం జ్ఞాపకంలో ఉండగానే దోషం తెలుస్తుంది. అప్పుడు ఆ పైకెత్తిన చేయి మాతృత్వానికే కాక పశ్చాత్తాపానికీ గుర్తు అవుతుంది. దేవసేన విషయమూ ఇటువంటిదే. సంకెళ్లలో పుల్లలేరుతూ చితి పేర్చుకునే వృద్ధ, నిండు సభలో అన్యాయాన్ని ప్రశ్నించిన కుంతల రాకుమారి ఒక్కరేనన్న స్పృహ ఎడతెగకుండా నిలుస్తుంది.

నష్టపోయిన పాత్ర అవంతిక. దేవసేనను విడిపించడం మొదట ఆమె చేపట్టిన కార్యం. శివుడు దానిని తన భుజాన వేసుకున్నప్పుడే ఆమె ప్రాధాన్యం తగ్గింది. రెండో భాగంలో ఆమెకు దక్కిన స్థానం స్వల్పం. ఆమె అనుమతి లేకుండా శివుడు ఆమెను అలంకరించే ఘట్టం 2015లోనే తీవ్రమైన విమర్శకు గురయింది. ప్రణయభాగాన్ని తొలగించడంవల్ల గమనం చురుకైంది. కాని ఆమెకు స్వతంత్రమైన ఎదుగుదల మాత్రం లభించలేదు. ఆ నష్టం శివుడికీ పంచబడింది. అతడు జలపాతాన్ని అధిరోహించడానికి కారణం రాజ్యం కాదు, ఒక ముసుగు వెనుక ఊహించుకున్న ముఖం. ఆ కోరిక క్షీణించిన మేరకు మహేంద్ర బాహుబలి కట్టప్ప చెప్పిన కథ విని యుద్ధానికి కదిలే కుమారుడిగానే మిగులుతాడు. తండ్రి పాత్ర పరీక్షల్లో నెగ్గి ఎదుగుతుంది. కొడుకు పాత్ర తండ్రి కీర్తిని వారసత్వంగా పొందుతుంది.

ఆలంకారికులు చెప్పిన పంచసంధులలో చివరిదైన నిర్వహణ సంధిలో, అంతవరకు చెదిరివున్న కథాంశాలన్నీ ఒక ఫలానికి చేరాలి. భల్లాలదేవుడి దహనం దేవసేన పేర్చిన చితికి ఫలం. శివగామి ఎత్తిన చేతికి మహేంద్రుడి పట్టాభిషేకం ఫలం. ఈ రెండింటికీ బీజాలు కూర్పులో భద్రంగా ఉన్నాయి, కనుక ముగింపు బలపడింది. అవంతిక పోరాటానికి ఫలం ఏదన్న ప్రశ్న పాత రూపంలోనూ తీరలేదు. కొత్త రూపంలో ఆ ప్రశ్నే చాలవరకు అదృశ్యమైంది.

ముగింపు

కత్తిరింపు పాత్రను పెంచలేదు. ఉన్న ఎదుగుదల కనబడేలా అడ్డు తొలగించగలదు, అంతే. రచనలో లేని వికాసాన్ని కూర్పు సృష్టించలేదని అవంతిక పాత్ర నిరూపిస్తున్నది. కనుక ఏకచిత్రాన్ని అసలు చిత్రాలకు ప్రత్యామ్నాయంగా కాక పాఠాంతరంగా పరిగణించడం సమంజసం. తాళపత్ర ప్రతులను సంప్రదించేటప్పుడు పరిష్కర్త తొలగిన పద్యాన్నీ లెక్కలోకి తీసుకుంటాడు. చలనచిత్రానికీ అదే న్యాయం వర్తించాలి. 2015, 2017 నాటి రూపాలు యథాతథంగా భద్రపడినప్పుడే, దర్శకుడు ఏది వదులుకుని ఏది నిలుపుకున్నాడో రేపటి పరిశోధకుడు తూచి చెప్పగలడు.