ఆంగ్లకవితయందలి ఔదాత్త్యము

ఆంగ్లవిమర్శకులు ‘సబ్లైమ్’ అను భావమునకు ఆంధ్రమున ‘ఔదాత్త్యము’ ప్రతిపదముగా వాడఁబడుచున్నది. దీనినిఁ జూచి అలంకారశాస్త్రమందలి ఉదాత్తాలంకారమే అదియని బోధించుట కలదు. ఈ సమీకరణము నిలుచునా యనుట ఆ భావముయొక్క చరిత్రమువలననే తేలవలయును.

మూలమున నిది గ్రీకుల వాక్శాస్త్రవిషయము. లాంగినసు పేరఁ బరగు గ్రంథము, శ్రోతను వివశునిఁ జేయు వాగ్గుణమును ‘ఎత్తు’ అను నర్థముగల పదముతో వ్యవహరించినది. పాణినీయమున నుచ్చైరుచ్చరితమగు స్వరము ఉదాత్తము గావున శబ్దసామ్యము చక్కఁగనే యున్నది. 1674లో బ్వాలో యను ఫ్రెంచికవి ఆ గ్రంథమును భాషాంతరీకరించిన పిమ్మట నది యూరపున విశేషప్రచార మొందెను. 1757లో ఎడ్మండు బర్కు భయమే యీ భావమునకు మూలమని వాదించెను. అపాయము మీఁదఁబడినచో దుఃఖమే. కొంత యెడముగా నున్నచో నదియే యొకవిధమగు నానందము నొసఁగును. 1790లో జర్మనుతాత్త్వికుఁడగు కాంటు, ఔదాత్త్యము పర్వతసముద్రాదులయందు లేదనియు, చూచువాని బుద్ధియందే కలదనియు సిద్ధాంతీకరించెను.

ఆ యేఁటనే వర్డ్సువర్తు మిత్రునితోఁ గాలినడకను ఆల్ప్సుపర్వతముల కేఁగెను. సింప్లను కనుమను దాఁటుట యెట్టిదో యని యువ్విళ్ళూరుచుండఁగా, అది యప్పటికే దాఁటిపోయినదని యొక పల్లెవాఁడు తెలిపెను. కవి మరణానంతరము 1850లో వెలువడిన ‘ప్రెల్యూడ్’ కావ్యమున నా యాశాభంగమే మనశ్శక్తిస్తుతిగాఁ బరిణమించినది. బాహ్యదృశ్యము కొఱవడిన చోటనే యాత్మ తన యనంతత్వమును గుర్తించెనని తాత్పర్యము.

మోబ్లాఁ పర్వతముపైఁ బుట్టిన రెండు కావ్యములు ఈ విషయమును మఱింత స్పష్టపఱుచును. 1802లోఁ గోల్రిడ్జి ప్రకటించిన స్తోత్రమున గిరినిర్ఝరములన్నియు నీశ్వరనామమునే ఘోషించును. కాని యాతఁడు ఆ పర్వతపాదమందలి షామొనీలోయను జూచినవాఁడు కాఁడు. ఫ్రెడెరికా బ్రూను అను కవయిత్రి జర్మనుపద్యమును ఆధారముగాఁ గొనియు నా ఋణమును జెప్పఁడాయెను. 1816లో షెల్లీ యా లోయలో స్వయముగా నిలిచి వ్రాసెను. అతనికి వినఁబడినది నిశ్శబ్దమే. కావ్యము ప్రశ్నతో ముగియును. చూడనివానికి దేవుఁడు పలికెను; చూచినవానికి మౌనమే మిగిలెను. కావున నాధ్యాత్మికధ్వని శిలలయందుఁ గాక ద్రష్టయందుఁ గలదను కాంటు మతమునకు ఇవి నిదర్శనములు.

ఇఁక సమీకరణవిషయము. ఉదాత్తాలంకారము సమృద్ధిని గాని మహాపురుషచరితమును గాని వర్ణించును. అందు భయమునకుఁ దావు లేదు. భయానకమునకు భయమును, అద్భుతమునకు విస్మయమును స్థాయిభావములు. ఆంగ్లకవుల భావమో భయమున మొలచి, విస్మయమునఁ బెరిగి, ఆత్మజ్ఞానమునఁ బర్యవసించును. ఈ మూఁటిలో నేదియు నొంటిగా దానికి సరిపడదు. పదమును విడువ నక్కఱ లేదు. దానితో నలంకారలక్షణమును జేర్చి చెప్పుట మాత్రము విడువవలయును. అట్లు చెప్పినచో విద్యార్థికి రెండు శాస్త్రములును దప్పిపోవును.