మన క్యాంపుల్లో డయలు ఫోన్లు

తుంగభద్ర ఎడమ కాలువ నీటి వెంట సింధనూరు, మాన్వి క్యాంపులకు వచ్చిన మనవాళ్లకు ఊరి కబురంటే మొదట ఉత్తరం, తర్వాత ట్రంకాలు. 1986లో మన కర్ణాటకలోనే, కిత్తూరులో, సీ-డాట్ వారి తొలి గ్రామీణ ఎక్స్ఛేంజి మొదలైంది. లైన్లు 128. పల్లెలకు ఫోను దారి అలా తెరుచుకుంది.

ఆ రోజుల డయలు ఫోను అటక మీదుంటే పారేయకండి. దాని రెండు తీగలను ఇప్పటి ఫైబర్ పెట్టెలోని ఫోను సాకెట్‌కు కలిపితే మాట మామూలుగా వినిపిస్తుంది. చిక్కల్లా నంబరుతోనే. డయలు మీద 5 తిప్పితే లైను 5 సార్లు తెగి కలుస్తుంది, సున్నాకు 10 సార్లు. కొత్త పెట్టెల్లో చాలావాటికి ఆ లెక్క తెలియదు, టోన్లే తెలుసు. పల్సును టోనుగా మార్చే చిన్న పరికరం మధ్యలో పెడితే సరి.

కృష్ణా, గుంటూరు బంధువుల మంచీ చెడూ మోసిన ఫోన్లండీ ఇవి. పిల్లలచేత ఒక్కసారైనా తిప్పించండి.