ఫైళ్ల నడుమ గురుతులు

పుస్తకము చదువుచు నడుమ లేవవలసి వచ్చినపుడు పుటలో నెమలియీకనో, చిత్తుకాగితపు ముక్కనో ఉంచిపోవుట మనకు అలవాటు. కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయువాని అవస్థ ఇంతకన్న చిక్కైనది. అతని ముందున్నది ఒక పుస్తకము కాదు, వందలకొలది ఫైళ్లు. అయినను ఒక పూట పనిలో నిజముగా కావలసినవి మూడో నాలుగో ఉండును. ఒకదానినుండి మరియొకదానికి పోవుటకు వెదకులాడవలసి వచ్చినచో, అక్కడికి చేరునప్పటికి తలచుకొన్న ఆలోచన కాస్తా జారిపోవును. ఈ బాధను తీర్చుటకై ఎడిటరులలో గురుతు పెట్టు పద్ధతి ఎట్లు పెరిగినదో చూతము.

1969లో బెల్ పరిశోధనాలయమున కెన్ థాంప్సన్ రచించిన 'ఎడ్' అను ఎడిటరు తెరలేని కాలమునకు చెందినది. టెలిటైపు యంత్రము కాగితముపై అచ్చొత్తుచుండగా పని సాగెడిది. అందు 'కె' అను ఆదేశము వెంట ఒక చిన్న అక్షరమును చేర్చినచో ఆ అక్షరమే ఆ పంక్తికి పేరగును. పైన క్రొత్త పంక్తులు చేరి సంఖ్య మారినను ఆ పేరుతో దానిని పిలువవచ్చును. చేతిలోనున్నది ఒకే ఫైలు గనుక గురుతు పరిధియు అంతే.

1976లో బర్క్‌లీలో చదువుకొనుచున్న బిల్ జాయ్ 'వీఐ' ఎడిటరును వ్రాయ మొదలిడెను. టెలిఫోను తీగపై సెకనుకు సుమారు 30 అక్షరములను మాత్రమే చేరవేయు మోడెముతో ఆయన పనిచేసెడివాడు. 24 పంక్తులు, పంక్తికి 80 అక్షరములు గల తెర నిండవలెనన్న ఒక నిమిషమునకు పైగా పట్టును! వీఐ ఆదేశములు ఒకటి రెండు అక్షరములకు కుదించుకొని పోవుటకు ఇది ఒక ముఖ్యకారణము. గురుతు పెట్టుటకు 'ఎమ్' అను మీట, దాని వెంట ఒక అక్షరము, అంతే. ఇంతకు ముందు చూచిన ఫైలునకు మరలిపోవు ఉపాయమును అందు కలదు. రెండు ఫైళ్లున్నంతవరకు అది చాలును. మూడవది వచ్చినదా, చిక్కు మొదలు.

ఆ చిక్కును కొంత విప్పినవాడు హాలెండు దేశీయుడైన బ్రామ్ మూలెనార్. 1991లో ఆయన వెలువరించిన 'విమ్' అను ఎడిటరు కాలక్రమమున ఎంతో పెరిగినది. అందు చిన్న అక్షరముల గురుతులు ఆయా ఫైళ్లకే పరిమితములు; పెద్ద అక్షరముల గురుతులు మాత్రము ఏ ఫైలునుండియైనను అందును. అట్టివి 26. ఎడిటరును మూసిపోయినను అవి డిస్కుపై నిలిచియుండును. ఇంత సౌకర్యములోను రెండు లోపములు లేకపోలేదు. ఒక పనిలో పెట్టిన 'ఏ' గురుతును వేరొక పనిలో మరల పెట్టినచో మొదటిది చెరిగిపోవును. పైగా గురుతు మనలను తాను పెట్టబడిన పంక్తికే చేర్చును గాని, మనము పని విడిచిన చోటికి కాదు.

ఈమాక్స్ అను వేరొక ఎడిటరు వారు ఈ సంగతిని మరియొక దృష్టితో చూచిరి. 1993లో కార్ల్ ఫోగెల్ రచించిన బుక్‌మార్కుల భాగమున గురుతునకు అక్షరము గాక నిండు పేరే పెట్టవచ్చును. ఆ చోటికి ముందు వెనుకలనున్న కొన్ని మాటలనుగూడ అది దాచుకొనును. ఫైలు మారినను ఆ మాటలను ఆనవాలుగా పట్టుకొని చోటును వెదకును. నా దృష్టిలో ఇంతటి జాగ్రత్త మరి దేనియందును లేదు. కాని పేరు తలచుకొని టైపు చేయుటలో వేగము తగ్గును.

విమ్ నుండి 2014లో చీలిన నియోవిమ్ ఎడిటరునకు 2021లో 'హార్పూన్' అను ప్లగిన్ వచ్చినది. ప్రైమాజెన్ అను పేరుతో ప్రసిద్ధుడైన అమెరికను ప్రోగ్రామరు దానిని వ్రాసెను. ఇది విమ్ గురుతుల రెండు లోపములను సరిదిద్దినది. ప్రతి పనికిని వేరువేరు జాబితా ఉండును. విడిచిన చోటు గుర్తుండును. మొదటి నాలుగు ఫైళ్లకు నాలుగు మీటలను కేటాయించుకొనుట వాడుకరుల రివాజు. కన్ను చూడనక్కరలేదు, వ్రేలికే తెలియును. ఇటీవల చూచిన ఫైళ్ల పట్టికను యంత్రమే కూర్చిపెట్టగలదు గాని, ఆ వరుస క్షణక్షణమును మారుచుండును; వ్రేలు దానిని నేర్చుకొనలేదు.

'గ్రాపుల్' అను ప్లగిన్ ఇంకను ముందుకు పోయి, ఒకే పనిలోని వేరువేరు శాఖలకు సైతము వేరు జాబితాల నుంచుకొననిచ్చును. ఉదయమొక శాఖలో, సాయంత్రమొక శాఖలో పనిచేయువారికి ఇదియే మేలు. 'ఆరో' అను ప్లగిన్‌లో ఒక్క మీట నొక్కినచో చిన్న పట్టిక తెరచుకొనును. ప్రతి ఫైలు ప్రక్కను దాని మీట కనబడును. జ్ఞాపకము పెట్టుకొను శ్రమ లేదు, కాని ప్రతిసారియు చూడవలసియుండును. నాలుగైదు ఫైళ్లకు నేను హార్పూన్‌నే ఎన్నుకొందును. పది దాటినచో ఆరో తప్పదు.

హార్పూన్ జాబితా తెరచినపుడు సామాన్యమైన వ్రాతవలెనే కనబడును. పంక్తిని కొట్టివేసినచో ఫైలు జాబితానుండి పోవును; పంక్తిని పైకి జరిపినచో దాని సంఖ్య మారును. కాని మూడవదానిని రెండవ స్థానమునకు జరిపిన మరునాడు, వ్రేలు పాత అలవాటు చొప్పున మూడవ మీటనే నొక్కును, తెరపై వేరొక ఫైలు ప్రత్యక్షమగును.