హైదరాబాదు ఫుట్‌బాల్‌లో వింగర్ల ఎంపిక, శిక్షణ

మైదానం అంచుల వెంట ఆడే ముందువరుస ఆటగాళ్ళను వింగర్లు అంటారు. హైదరాబాదు ఫుట్‌బాల్‌లో ఇటువంటి ఆటగాళ్ళను బడులనుండి, కళాశాలలనుండి, స్థానిక క్లబ్బులనుండి ఎంపికచేసి తీర్చిదిద్దిన పద్ధతి 1943-1963 మధ్యకాలంలో రూపుదిద్దుకొన్నది. దీనికి ప్రధాన కారకుడు వృత్తిరీత్యా బడిపంతులైన సయ్యద్ అబ్దుల్ రహీం. ఈ కాలంలో హైదరాబాదు ఆటగాళ్ళు భారత జట్టుకు వెన్నెముకగా నిలిచారు. అమెరికా కళాశాలల ఫుట్‌బాల్‌లో "వైడ్ రిసీవర్" అనే ఆటగాడి ఎంపికకు, ఈ పద్ధతికి కొన్ని పోలికలు, కొన్ని ముఖ్యమైన తేడాలు ఉన్నాయి.

వింగర్ పాత్ర

ఇరవయ్యో శతాబ్దపు తొలి సగంలో ఫుట్‌బాల్ జట్లు సాధారణంగా ఐదుగురు ఫార్వర్డులతో ఆడేవి. వీరిలో ఇరుచివరలా ఉండేవారిని అవుట్‌సైడ్ రైట్, అవుట్‌సైడ్ లెఫ్ట్ అని పిలిచేవారు. ప్రత్యర్థి రక్షకులను మైదానం అంచులకు లాగి, మధ్యలో ఖాళీ ఏర్పరచడం, పక్క గీత దగ్గరనుండి బంతిని గోల్ ముందుకు అందించడం వీరి పని. వేగం, బంతిపై పట్టు, ఎప్పుడు పరుగు తీయాలో తెలిసిన తెలివి ఈ స్థానానికి అవసరం. వేగం చాలావరకు పుట్టుకతో వచ్చేది. మిగిలిన రెండూ సాధనతో వచ్చేవి.

సయ్యద్ అబ్దుల్ రహీం

రహీం 1909 ఆగస్టు 17న హైదరాబాదులో జన్మించాడు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రుడై, కాచిగూడ మాధ్యమిక పాఠశాల, చాదర్‌ఘాట్ ఉన్నత పాఠశాల వంటి బడులలో ఉపాధ్యాయుడిగా పనిచేశాడు. వ్యాయామ విద్యలో డిప్లొమా కూడా పొందాడు. స్థానిక లీగులో ఖమర్ క్లబ్ తరఫున ఆడాడు. 1943లో హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయ్యాడు. 1950లో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు శిక్షణ బాధ్యత చేపట్టాడు. ఈ రెండు బాధ్యతలూ మరణించేవరకు ఆయన చేతిలోనే ఉన్నాయి.

ఈ విషయం ముఖ్యమైనది. బడి పిల్లల ఆటను చూసే కళ్ళు, నగరంలో పోటీలు నడిపే అధికారం, పెద్ద జట్టుకు శిక్షణ ఇచ్చే బాధ్యత ఒకే మనిషిలో కలిశాయి. కనుక ఒక కుర్రవాడిని ఎంపిక చేయడం, అతనికి ఆట నేర్పడం, పెద్ద పోటీలో ఆడించడం ఒకే వరుసలో జరిగేవి.

ఎంపిక విధానం

ఆ రోజుల్లో ఆటగాళ్ళను వెదికే ప్రత్యేక సంస్థలు లేవు. బడుల పోటీలు, కళాశాల జట్లు, లీగు ఆటలే వడపోత. ప్రతిభ చూపిన యువకులకు పోలీసు శాఖలో ఉద్యోగం దొరికేది. పేద కుటుంబాల పిల్లలకు ఆ నెలజీతమే పెద్ద ఆసరా. ఆట మానేసి వేరే కూలిపని వెదుక్కోవలసిన అవసరం తప్పేది.

ఈ విధానానికి మంచి ఉదాహరణ తులసీదాస్ బలరాం. 1936లో సికింద్రాబాదు సమీపంలోని అమ్ముగూడలో, సాధారణ తమిళ కుటుంబంలో పుట్టాడు. రహీం దృష్టిలో పడిన తరువాత 1956లో సంతోష్ ట్రోఫీ గెలిచిన హైదరాబాదు జట్టులో ఆడాడు. అదే సంవత్సరం మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన భారత జట్టులో చోటు సంపాదించాడు. ఎడమ అంచునా, లోపలి స్థానాలలోనూ సమర్థంగా ఆడగలగడం ఇతని ప్రత్యేకత.

శిక్షణ పద్ధతులు

రహీం ప్రత్యేక నియమాలతో స్థానిక పోటీలు నిర్వహించేవాడు. వాటిలో ముఖ్యమైనవి రెండు.

బంతిని కాళ్ళమధ్య ఉంచుకొని ముందుకు తీసుకుపోవడాన్ని (డ్రిబ్లింగ్) నిషేధించిన పోటీలు: అంచున ఆడే కుర్రవాళ్ళకు బంతిని తమవద్దే ఉంచుకోవాలన్న మోజు ఎక్కువ. ఈ నియమం వలన బంతి అందిన వెంటనే సహచరునికి ఇచ్చి, తాను ఖాళీ స్థలంలోకి పరుగెత్తడం అలవాటయ్యేది. బంతి లేనప్పుడు ఎక్కడ ఉండాలో ఆలోచించక తప్పేది కాదు.

బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలసిన పోటీలు: ఒకే కాలితో ఆడే వింగర్ ఏ దిశగా మళ్ళుతాడో రక్షకుడు సులువుగా ఊహిస్తాడు. రెండు కాళ్ళూ పనిచేసే ఆటగాడు అంచు వెంట సాగిపోగలడు, లోపలికి మళ్ళి గోల్ వైపు కొట్టనూ గలడు.

పిల్లవాడికి ఉపన్యాసం చెప్పకుండా, ఆట నియమాన్నే పాఠంగా మార్చడం ఈ పోటీలలోని విశేషం. తరగతి గదిలో అనుభవమున్న ఉపాధ్యాయుని ఆలోచన ఇందులో కనిపిస్తుంది.

ఫలితాలు

హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సార్లు రోవర్స్ కప్ గెలిచింది. 1950, 1954, 1957లలో డ్యూరాండ్ కప్ కూడా సాధించింది. 1961లో ఇదే జట్టు ఆంధ్ర పోలీసు పేరుతో మళ్ళీ డ్యూరాండ్ కప్ గెలిచింది. సంతోష్ ట్రోఫీని హైదరాబాదు 1956, 1957లలో గెలుచుకొన్నది.

రహీం శిక్షణలో భారత జట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడలలో స్వర్ణం గెలిచింది. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో మాత్రం యుగోస్లావియా చేతిలో 1-10 తేడాతో ఓడిపోయింది. 1956 ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరి, నాలుగో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, బలరాం హైదరాబాదువారే. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీపైన, పెరూపైన భారత్ చేసిన గోల్స్ బలరాం చేసినవే. 1962 జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో భారత్ దక్షిణ కొరియాను 2-1తో ఓడించింది. కుడి అంచున పి.కె. బెనర్జీ, లోపల చునీ గోస్వామి, వారితోపాటు బలరాం ఆ జట్టు దాడికి మూలస్తంభాలు.

క్షీణత

రహీం 1963 జూన్ 11న క్యాన్సర్‌తో మరణించాడు. 1965లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఆ తరువాత ఆ ట్రోఫీ తెలుగు నేలకు తిరిగి రాలేదు. మంచి ఆటగాళ్ళు కలకత్తా క్లబ్బులకు తరలిపోవడం అంతకుముందే మొదలైంది. బలరాం 1957లోనే ఈస్ట్ బెంగాల్‌లో చేరాడు. మెరుగైన ఆదాయం, పేరు కోసం ఆటగాడు వెళ్ళడం సహజమే. అయితే వెళ్ళినవారి స్థానంలో కొత్తవారిని తయారుచేసే యంత్రాంగం కొనసాగకపోవడమే అసలు నష్టం. సయ్యద్ నయీముద్దీన్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ వంటి ప్రముఖులు తరువాత కూడా వచ్చారు గాని, వారి సంఖ్య క్రమంగా తగ్గింది.

అమెరికా పద్ధతితో పోలిక

అమెరికన్ ఫుట్‌బాల్ వేరే ఆట. అందులో బంతిని చేతితో విసురుతారు. మైదానం అంచున నిలిచి, ముందుగా నిర్ణయించిన దారిలో పరుగెత్తి, ఆ బంతిని అందుకొనే ఆటగాడే వైడ్ రిసీవర్. వింగర్‌లాగానే ఇతనికీ వేగంతోపాటు ఖాళీ స్థలాన్ని గుర్తించే నేర్పు కావాలి. అక్కడ విశ్వవిద్యాలయాల శిక్షకులు ఉన్నత పాఠశాలలకు వెళ్ళి ఆటగాళ్ళను ఎంచుకొని, ఉపకార వేతనాలు ఇస్తారు. హైదరాబాదులో పోలీసు ఉద్యోగం చేసిన పనిని అక్కడ ఈ వేతనం చేస్తుంది.

2018లో కళాశాల మారదలచిన ఆటగాళ్ళ పేర్లు నమోదుచేసే "ట్రాన్స్‌ఫర్ పోర్టల్" మొదలైంది. 2021 నుండి ఆటగాళ్ళు తమ పేరు, రూపాలపై ఆదాయం పొందే అవకాశం కలిగింది. దీనితో ఒక కళాశాల తీర్చిదిద్దిన ఆటగాడు మరొక కళాశాలకు వెళ్ళడం ఎక్కువైంది. కలకత్తా వలసను ఇది గుర్తుచేస్తుంది. కాని అక్కడ వేలాది పాఠశాలల జట్లు ఏటా కొత్తవారిని అందిస్తూనే ఉంటాయి. హైదరాబాదులో అటువంటి పునాది నిలవలేదు.

ఇటీవలి కాలం

2019లో ఏర్పడిన హైదరాబాద్ ఎఫ్.సి. 2021-22 ఇండియన్ సూపర్ లీగ్‌ను గెలుచుకొన్నది. ఆ జట్టులో అత్యధికులు ఇతర రాష్ట్రాలవారు, విదేశీయులు. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది. విశాఖపట్నం కేంద్రంగా 2020లో అనుమతి పొందిన శ్రీనిధి క్లబ్బు, హైదరాబాదుకు మారి, శ్రీనిధి డెక్కన్ పేరుతో 2021-22లో ఐ-లీగ్‌లో ప్రవేశించింది. రహీం జీవితం ఆధారంగా తీసిన హిందీ చిత్రం "మైదాన్" 2024లో విడుదలై, ఆయన పేరును కొత్త తరానికి పరిచయం చేసింది.

పోటీలో గెలిచే జట్టును డబ్బుతో కూర్చవచ్చు. కాని అంచున పరుగెత్తే కుర్రవాడిని పన్నెండు, పదమూడేళ్ళ వయసులో గుర్తించి, రెండో కాలిని వాడడం నేర్పడానికి బడి మైదానం, ఓపికగల ఉపాధ్యాయుడు కావాలి. హైదరాబాదు ఫుట్‌బాల్ స్వర్ణయుగానికి ఆధారం ఆ రెండే.

ఇవి కూడా చూడండి

సయ్యద్ అబ్దుల్ రహీం
తులసీదాస్ బలరాం
సంతోష్ ట్రోఫీ
లాల్ బహదూర్ స్టేడియం