ప్రిన్సిపాల్ తీసేసిన రెండు పేజీలు

కన్నడ మీడియంలో చదివిన మాకు స్కూల్ పత్రికంటే ప్రిన్సిపాల్ సందేశం, ర్యాంకుల ఫొటోలే. అమెరికాలోనూ ఆ పెత్తనం ఉంది. 1983లో మిస్సోరీలోని హేజిల్‌వుడ్ ఈస్ట్ హైస్కూల్ పత్రిక 'స్పెక్ట్రమ్'లో విద్యార్థినుల గర్భం, తల్లిదండ్రుల విడాకుల కథనాలున్న రెండు పేజీలను ప్రిన్సిపాల్ తీసేయించాడు. విద్యార్థులు కోర్టుకెళ్లారు. 1988లో సుప్రీంకోర్టు 5–3 తేడాతో స్కూల్‌దే ఒప్పంది. కాలేజీల సంగతి మాత్రం తేల్చలేదు.

కాలిఫోర్నియాలో కమ్యూనిటీ కాలేజీ విద్యార్థుల భావస్వేచ్ఛకు రాష్ట్ర చట్టమే అండ. కూపర్టినోలోని డి ఆంజా కాలేజీలో జర్నలిజం చదివేవాళ్లకి 'లా వోజ్' పత్రిక ఉంది. అలాంటి చోట వార్త వెతకడం, సరిచూడడం, తప్పయితే సవరణ వేయడం పిల్లలే నేర్చుకుంటారు. మా ఇళ్లల్లో ఎవరైనా జర్నలిజం చదువుతామంటే, "రెండేళ్ల కాలేజీలో ఏముంటుందిలే" అనేవాళ్లం. ఇప్పుడు ముందు అడుగుతున్నాం: అక్కడి పత్రికలో ఏం వేయాలో తేల్చేదెవరు?